పదమూడేళ్ళ పిల్లవాడికి బేస్‌బాల్ నైపుణ్య పరీక్ష: బెంగళూరులో ఒక శిక్షణ కేంద్రం సేవపై సమీక్ష

గత నెలలో ఒక ఆదివారం ఉదయం మా అబ్బాయిని సర్జాపుర రోడ్డు వైపు ఉన్న ఒక క్రీడా శిక్షణ కేంద్రానికి తీసుకువెళ్ళి, వాళ్ళు ‘బేస్‌బాల్ నైపుణ్య అంచనా’ అని పిలిచే పరీక్షలన్నీ చేయించాను. మూడున్నర గంటల పరీక్ష, వారం తరువాత మెయిల్‌లో వచ్చే పన్నెండు పేజీల నివేదిక, ఆపైన శిక్షకుడితో అరగంట ముఖాముఖి, అన్నీ కలిపి 4,500 రూపాయలు. వీడియో చిత్రీకరణ, విదేశీ స్కౌట్ల (జట్ల కోసం కొత్త ఆటగాళ్ళను వెతికేవారి) కోసం తయారు చేసే ‘ప్రొఫైల్’ కూడా కలిసిన పెద్ద ప్యాకేజీ 11,000 రూపాయలు. మేము చిన్నదే తీసుకున్నాం. కేంద్రం పేరు రాయడం లేదు. కింద చెప్పబోయే లోపాలలో కొన్నింటిని వాళ్ళు అడగగానే సరిదిద్దారు, పైగా ఇలాంటి సేవ ఎక్కడ తీసుకున్నా తల్లిదండ్రులు అడగవలసిన ప్రశ్నలు ఇవే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ కేంద్రం కొలవడంలో చాలావరకు నమ్మదగ్గది, ఆ కొలతలను మార్కులుగా మార్చడంలో మాత్రం నమ్మదగ్గది కాదు. ఈ రెండూ వేర్వేరు పనులని తెలిసి వెళ్ళేవారికి చిన్న ప్యాకేజీ డబ్బుకు తగిన సేవే.

నేను పీణ్యలో యంత్రభాగాలు తయారు చేసే కర్మాగారంలో ఇరవై రెండేళ్ళుగా నాణ్యతా విభాగంలో పనిచేస్తున్నాను. ఒక పిన్ను వ్యాసం ఎంత అని ఎవరైనా అడిగితే, ఏ మైక్రోమీటరుతో కొలిచారు, దాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారు, అదే పిన్నును మరొకరు కొలిస్తే అదే అంకె వస్తుందా అన్న మూడు ప్రశ్నలు నా నోటికి ముందు వస్తాయి. కొడుకు విషయంలోనూ ఆ అలవాటు పోలేదు. బేస్‌బాల్ గురించి నాకు తెలిసింది తక్కువే. స్కూల్లో పీటీ మాస్టారు మొదలుపెట్టించిన ఈ ఆటను రెండేళ్ళుగా గ్యాలరీలో కూర్చుని నేర్చుకుంటున్నాను. మారతహళ్ళిలోని మా అపార్ట్‌మెంటులో సగం మంది తెలుగువాళ్ళే, వాళ్ళలో ఒక పెద్దాయన ఇప్పటికీ ‘మీవాడి గోడుంబిళ్ళ ఎంతవరకు వచ్చింది’ అనే పలకరిస్తారు.

వెళ్ళగానే నన్ను ఆకట్టుకున్నది రాడార్ గన్. బంతి వేగం కొలిచే ఆ పరికరాన్ని ఎప్పుడు సరిచూశారని అడిగితే, ఆ పని చూసే కుర్రాడు ముఖం చిట్లించుకోలేదు. కడప యాసలో ‘ఇప్పుడే చూపిస్తా సార్, నిలబడండి’ అని, సంచిలోంచి ఒక చిన్న శ్రుతిదండం తీసి, తన బూటు మడమ రబ్బరుకు ఒక్కసారి తట్టి, గన్ ముందు పట్టుకున్నాడు. దండం మీద చెక్కి ఉన్న అంకె, గన్ తెర మీద వెలిగిన అంకె ఒక్కటే. రాడార్ గన్ పనిచేసేది డాప్లర్ సూత్రం మీద. కదిలే వస్తువు నుంచి తిరిగి వచ్చే తరంగం పౌనఃపున్యంలో వచ్చిన తేడాను అది వేగంగా చదువుతుంది. ఒక నిర్ణీత స్థాయిలో కంపించే శ్రుతిదండం దాని కంటికి ఒక నిర్ణీత వేగంతో వస్తున్న బంతిలాగే కనిపిస్తుంది. ఇనుము మీద కొడితే దండం దెబ్బతింటుందని రబ్బరు మీద తట్టే జాగ్రత్త కూడా ఆ అబ్బాయికి ఉంది. మా కర్మాగారంలో కొత్తగా చేరే డిప్లొమా పిల్లలకు ఈ పాటి శ్రద్ధ నేర్పడానికి నాకు ఆరు నెలలు పడుతుంది.

మొదట ఎత్తు, బరువు కొలిచారు. మిగతా పరీక్షలన్నింటి కంటే ఇది విలువైనదని నేను తిరిగి వచ్చేటప్పుడు గాని గ్రహించలేదు. నిలబెట్టి ఎత్తు కొలిచాక, ఒక చెక్కపెట్టె మీద కూర్చోబెట్టి తల నుంచి పెట్టె దాకా ఎత్తు కొలిచారు. ‘వీపు గోడకు ఆనించు నాన్నా, గాలి నిండా పీల్చి పట్టు’ అని కొలిచే ఆవిడ రెండుసార్లు చూశారు. రెండు కొలతలకూ అర సెంటీమీటరు తేడా రావడంతో మూడోసారి కొలిచి, మధ్య అంకెను తీసుకున్నారు. నిలబడినప్పుడు 154.2 సెంటీమీటర్లు, కూర్చున్నప్పుడు 79.6, బరువు 43 కిలోలు. ఈ కొలతలకు వయసును జోడించి, 2002లో మిర్వాల్డ్, ఆయన సహచరులు ప్రచురించిన సమీకరణంలో వేస్తే, పిల్లవాడు అత్యంత వేగంగా పొడవు పెరిగే దశకు ఎంత దూరంలో ఉన్నాడో అంచనా వస్తుంది. మగపిల్లల్లో ఆ దశ సగటున పద్నాలుగేళ్ళ ప్రాంతంలో వస్తుంది. యౌవనంలో కాళ్ళు ముందు, మొండెం తరువాత సాగుతాయి కాబట్టి ఈ రెండింటి నిష్పత్తి శరీరం లోపలి గడియారాన్ని కొంతవరకు బయటపెడుతుంది. మావాడికి ఆ దశ ఇంకా పదకొండు నెలల దూరంలో ఉందని లెక్క తేలింది. అంచనా ఏడాది దాకా అటూ ఇటూ కావచ్చని నివేదికలోనే రాశారు. అంత నిజాయితీగా లోపపు హద్దు చెప్పిన పేజీ ఆ నివేదికలో అదొక్కటే.

ఇది ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే మావాడి జట్టులో ఉన్న మరో అబ్బాయి సంగతి చెప్పాలి. ఇద్దరూ ఒకే సంవత్సరం పుట్టారు. ఆ అబ్బాయికి అప్పుడే నూనూగు మీసం వచ్చింది, ఎత్తు 170 సెంటీమీటర్లు దాటింది, బంతి మావాడి కంటే బాగా వేగంగా విసురుతాడు. ఎంపికలు జరిగిన ప్రతిసారీ ఆ అబ్బాయి పేరు మొదట, మావాడి పేరు చివర వస్తుంది. అందులో నైపుణ్యం వాటా ఎంత, ముందుగా పెరిగిన ఎముకల వాటా ఎంత అన్నది గ్యాలరీలో కూర్చున్న నాకు గాని, ఎంపిక చేసేవారికి గాని కంటితో తెలిసే విషయం కాదు. కూర్చున్న ఎత్తు ఒక్కటి కొలిస్తే ఆ ప్రశ్న కనీసం బల్ల మీదకు వస్తుంది. ఊళ్ళో ఏ ఆటకు ఎంపికలు పెట్టేవారైనా ఒక చెక్కపెట్టె, ఒక టేపు కొనుక్కుంటే బాగుండునని నాకనిపించింది.

పరుగు పరీక్ష గురించి చెప్పవలసింది తక్కువ. బేస్‌బాల్ స్కౌట్లు సంప్రదాయంగా 60 గజాలు, అంటే 54.86 మీటర్లు పరిగెత్తిస్తారు, ఇక్కడా అంతే. మొదలు దగ్గర, చివర లేజర్ గేట్లు పెట్టారు. చేతి గడియారంతో తీసిన సమయం నిజానికంటే తక్కువగా వస్తుందని అథ్లెటిక్స్‌లో 100 మీటర్ల పరుగుకు 0.24 సెకన్లు కలిపే పద్ధతి ఉంది. స్కూల్లో పీటీ మాస్టారు స్టాప్‌వాచీతో తీసిన అంకెను, ఇక్కడి గేట్ల అంకెను పక్కపక్కన పెట్టి మావాడు నెమ్మదించాడని బెంగపడకూడదన్న మాట. రెండు పరుగులు, మధ్య ఆరు నిమిషాల విశ్రాంతి: 8.31, 8.24 సెకన్లు.

విసరడం దగ్గర మొదటి పొరపాటు జరిగింది. రాడార్ గన్ ఎంత సరిగ్గా ఉన్నా అది చూసేది తన వైపు వస్తున్న, లేదా తన నుంచి పోతున్న వేగాన్ని మాత్రమే. బంతి పక్కగా పోతుంటే అందులో కొంత భాగాన్నే చదువుతుంది. ఎంత భాగం అన్నది ఆ కోణం కొసైన్ విలువ చెబుతుంది. పది డిగ్రీల పక్కన నిలబడితే నూటికి ఒకటిన్నర వంతు పోతుంది, పట్టించుకోనక్కరలేదు. ఇరవై డిగ్రీలయితే నూటికి ఆరు వంతులు పోతుంది. ఆ రోజు బంతిని ఆపే వల వెనుక వేరే పిల్లల బ్యాగులు, నీళ్ళ సీసాలు పడి ఉండడం వల్ల, గన్ పట్టుకున్న కుర్రాడు పక్కన స్తంభం దగ్గర నిలబడ్డాడు. మొదటి ఐదు విసురులూ గంటకు 54, 55 మైళ్ళ దగ్గర తచ్చాడాయి. మావాడి ముఖం వాడిపోయింది.

‘బాబూ, ఆ బ్యాగులు తీసి వల వెనుకకు వెళ్ళి పట్టుకో, ఒక్కసారి చూద్దాం’ అన్నాను. బ్యాగులు తీయడానికి ఇద్దరం చేతులు వేశాం. తరువాతి ఐదు విసురులూ 57, 58 మైళ్ళు చూపించాయి. 58కి ఇరవై డిగ్రీల కొసైన్ వేస్తే 54.5 వస్తుంది, పోయిన మూడు మైళ్ళూ మావాడి భుజంలో కాదు, కుర్రాడు నిలబడిన చోటులో పోయాయి. అబ్బాయి ‘నాన్నా, ఇప్పుడు నాకు బలం వచ్చిందా?’ అని అడిగితే నవ్వు ఆగలేదు. చెప్పుకోదగ్గ ఫిర్యాదు ఏమిటంటే, వారం తరువాత వచ్చిన నివేదికలో పది విసురులనూ కలిపి సగటు కట్టి 56 అని రాశారు. తప్పుడు చోటు నుంచి తీసిన రీడింగులను తీసేయమని మెయిల్ రాశాక గాని అది మారలేదు.

ఇక్కడే మరొక విషయం. బంతి చేయి వదిలిన క్షణంలో ఉన్న వేగం హోమ్ ప్లేట్ (బ్యాటు పట్టినవాడి ముందు నేల మీద ఉండే పలక) చేరేసరికి సుమారు పదో వంతు తగ్గుతుంది. గన్ దేన్ని పట్టిందన్నది పరికరం మీద, అది ఉన్న చోటు మీద ఆధారపడుతుంది. టీవీలో వినిపించే పెద్ద లీగు వేగాలు చేయి వదిలినప్పటివి. కాబట్టి ఒక కేంద్రంలో వచ్చిన అంకెను మరో కేంద్రంలో వచ్చిన అంకెతో పోల్చేముందు ఈ సంగతి అడిగి తెలుసుకోవాలి. ఇంకొక చిన్న ఇబ్బంది, అంకెలన్నీ మైళ్ళలోనే ఇచ్చారు. క్రికెట్ చూసి పెరిగిన మనకు 58 మైళ్ళంటే ఏమీ తోచదు, గంటకు 93 కిలోమీటర్లంటే వెంటనే తెలుస్తుంది. పక్కన ఒక గడి పెంచితే పోయేది.

అయితే విసురుల లెక్క విషయంలో వాళ్ళను మెచ్చుకోవాలి. వార్మప్ తరువాత వేసిన ప్రతి బంతినీ చేతిలోని లెక్కమీట నొక్కుతూ లెక్కించారు, ముప్ఫై దగ్గర ఆపేశారు, సోమవారం బంతి పట్టుకోకూడదని చెప్పి పంపారు. అమెరికాలో అత్యున్నత వృత్తి లీగు అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్, అక్కడి జాతీయ సమాఖ్య యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి 2014లో ప్రకటించిన ‘పిచ్ స్మార్ట్’ మార్గదర్శకాల ప్రకారం 13, 14 ఏళ్ళ పిల్లలు రోజుకు 95 పిచ్‌లు (బ్యాటు పట్టినవాడికి విసిరే బంతులు) దాటకూడదు. 21 నుంచి 35 వేస్తే ఒక రోజు, 66 గాని అంతకు మించి గాని వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. ‘ఇంకొక్కటి నాన్నా, 59 కొడతా’ అని మావాడు బతిమాలినా వాళ్ళు ఒప్పుకోలేదు. వేగం కొలిచే చోట పిల్లలకు ఆ ఒక్క మైలు మీద ఆశ పుడుతుంది, మోచేయి చెడేది ఆ ఆశ వల్లే. తండ్రులం కూడా దానికి అతీతులం కాము. నేనూ లోలోపల 59 చూడాలనుకున్నాను.

బ్యాటింగ్ కొలతలు రెండు: బ్యాటు వేగం, బ్యాటుకు తగిలి వెళ్ళే బంతి వేగం. మొదటిది బ్యాటు పిడి చివర తొడిగే ఒక చిన్న సెన్సరు చెబుతుంది, రెండోది రాడార్ చెబుతుంది. నిలువు రబ్బరు గొట్టం మీద బంతిని నిలిపి కొట్టించారు. దాన్ని టీ అంటారు. నివేదికలో బ్యాటు వేగం 47 మైళ్ళు, బంతి వేగం 68 మైళ్ళు అని ఉంది. ఆ రెండు అంకెలూ ఒకే పిల్లవాడివి కావడం కుదరదని నాకు అనుమానం వచ్చింది. బేస్‌బాల్ భౌతికశాస్త్రంలో పేరున్న ఒక సరళమైన లెక్క ఉంది: తగిలిన బంతి వేగం అంటే, బ్యాటు వేగానికి సుమారు 1.2 రెట్లు, దానికి వచ్చే బంతి వేగంలో అయిదో వంతు కలిపితే వచ్చేది. చెక్క బ్యాటు మధ్యభాగంలో చక్కగా తగిలినప్పటి మాట ఇది. టీ మీద బంతి కదలదు కాబట్టి రెండో భాగం సున్నా. 47కు 1.2 రెట్లు అంటే 56. మరి ఆ పైన పన్నెండు మైళ్ళు ఎక్కడివి?

ముఖాముఖిలో అడిగితే శిక్షకుడు ల్యాప్‌టాప్ తెరిచి వెతికారు. సెన్సరు నిజంగా కొలిచేది బ్యాటు ఎంత వేగంగా తిరుగుతోందన్నదాన్ని. దాన్ని బంతి తగిలే చోటి వేగంగా మార్చడానికి బ్యాటు పొడవు తెలియాలి. మాకంటే ముందు వచ్చిన తొమ్మిదేళ్ళ పాప వాడిన 26 అంగుళాల బ్యాటు పొడవే యాప్‌లో అలాగే ఉండిపోయింది. మావాడిది 31 అంగుళాలు. పొడవు సరిచేస్తే 57 మైళ్ళు వచ్చింది. దానికి 1.2 రెట్లు 68.4. లెక్క ఇంత చక్కగా కుదిరినప్పుడు కలిగే తృప్తి మా వృత్తిలో ఉన్నవారికే తెలుస్తుంది. శిక్షకుడు కూడా మొహమాటపడకుండా ‘మీరు చెప్పకపోతే ఆ రోజు తరువాత వచ్చిన వాళ్ళందరివీ తప్పే ఉండేవి సార్, వాళ్ళకూ సరిచేసి పంపిస్తాం’ అన్నారు. పంపారో లేదో నాకు తెలిసే మార్గం లేదు గాని, ఆ మాట అన్నందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

ఈ విభాగంలో సరికాని విషయం ఇంకొకటి మిగిలింది. ఏ బ్యాటుతో కొట్టాడో నివేదికలో లేదు. లోహపు బ్యాటుకూ చెక్క బ్యాటుకూ బంతిని తిప్పికొట్టే గుణంలో తేడా ఉంటుంది. బరువులో తేడా ఉంటే ఊపే వేగమే మారిపోతుంది. బ్యాటు పేరు, పొడవు, బరువు రాయకుండా ఆరు నెలల తరువాత మళ్ళీ కొలిచి ‘పెరిగాడు’ అంటే, పెరిగింది పిల్లవాడా బ్యాటా అన్నది తేలదు. మేము తీసుకువెళ్ళిన చెక్క బ్యాటు వివరాలను నేనే నివేదిక అంచున పెన్నుతో రాసుకున్నాను. అలాగే ‘బంతి పడగల దూరం’ అని ఒక అంకె ఇచ్చారు, దాన్ని నేను పట్టించుకోలేదు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. ఇక్కడి గాలి చెన్నై గాలి కంటే సాంద్రతలో దాదాపు పదో వంతు తక్కువ, కాబట్టి ఒకే వేగంతో కొట్టిన బంతి ఇక్కడ కొంచెం ఎక్కువ దూరం పోతుంది. మైలు ఎత్తున ఉన్న అమెరికాలోని డెన్వర్ మైదానం హోమ్ రన్లకు, అంటే క్రికెట్ సిక్సర్ల లాంటి దెబ్బలకు, పేరు పడింది ఇందుకే. ఏ ఊరి గాలిని లెక్కలోకి తీసుకుని ఆ దూరం చెప్పారో నివేదికలో లేదు. బంతి వేగం మాత్రం ఏ ఊళ్ళో కొలిచినా పోల్చుకోవడానికి పనికివస్తుంది.

ఫీల్డింగ్ పరీక్ష తూతూమంత్రంగా జరిగింది. నేల మీద దొర్లించిన బంతులు పది, గాలిలోకి లేపినవి ఆరు, అంతే. అయితే ఆ సమయంలోనే, ఈ కేంద్రంలో నాకు అన్నింటికంటే నచ్చిన మనిషిని చూశాను. యాభై దాటిన ఒక శిక్షకుడు పొద్దుటి నుంచి గళ్ళ చొక్కాతో, చేతిలో చిన్న నోటు పుస్తకంతో ఒక మూల నిలబడి చూస్తూ ఉన్నారు. ఏ పరికరమూ ముట్టుకోలేదు. కోచ్ స్వయంగా విసిరిన పన్నెండు బంతులను మావాడు ఎదుర్కొన్నప్పుడు మాత్రం దగ్గరికి వచ్చి వల పట్టుకుని చూశారు. నివేదిక చివరి పేజీలో ఆయన చేతిరాతను స్కాన్ చేసి పెట్టారు, మొత్తం నాలుగు వాక్యాలు. ముందు కాలు బంతి రాకముందే నేలకు దిగిపోతోంది, అందువల్ల నెమ్మదిగా వచ్చే బంతికి బ్యాటు ముందే వెళ్ళిపోతోంది అని ఒకటి. మణికట్టు తిప్పి బంతిని నేలకు అణచడం క్రికెట్ అలవాటు, పోవడానికి ఏడాది పడుతుంది, తొందరపెట్టవద్దు అని ఒకటి. ప్లేటుకు దూరంగా పోయే బంతులు అయిదింటిలో నాలుగు వదిలేశాడు, కన్ను మంచిది అని మరొకటి. చివరిది: రెండు బంతులు తప్పినా తరువాతి దానికి తల దించకుండా నిలబడ్డాడు.

నాలుగో వాక్యాన్ని మా ఆవిడ రెండుసార్లు చదివించుకుంది. దాన్ని ఏ గన్నూ, ఏ గేటూ పట్టదు. అమెరికాలో స్కౌట్లు దశాబ్దాలుగా రాసుకునే నివేదికల్లో శరీర కొలతల పక్కన ఆటగాడి స్వభావం గురించిన గడి ఒకటి ఎప్పుడూ ఉంటుంది. 2015 నుంచి మేజర్ లీగ్ మైదానాలన్నింటిలో ‘స్టాట్‌కాస్ట్’ వ్యవస్థ ప్రతి బంతి కదలికనూ నమోదు చేస్తున్నా, చూసి రాసే మనుషులకు పని పోలేదు. మూడో వాక్యం నాకు మరింత ఉపయోగపడింది. ఏ బంతిని వదిలేయాలో తెలియడం ఈ ఆటలో సగం బ్యాటింగ్. పన్నెండు బంతులు దాన్ని తేల్చడానికి చాలవన్నది నిజమే, ఇంకో ముప్ఫై వేసి ఉంటే బాగుండేది. పరుగుకూ, టీకీ కేటాయించిన సమయంలో కొంత తగ్గించి దీనికి ఇవ్వాలని అభిప్రాయ పత్రంలో రాశాను.

ఇక మార్కుల సంగతి. నివేదిక మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో ఐదు అంకెలు ఉన్నాయి: బ్యాటుతో బంతిని అందుకోవడం 45, బలం 40, పరుగు 50, ఫీల్డింగ్ 45, చేతి సత్తా 45. ఇది స్కౌట్లు వాడే ప్రసిద్ధమైన 20 నుంచి 80 వరకు ఉండే మానం. ఆధునిక మేజర్ లీగులో తొలి నల్లజాతి ఆటగాడైన జాకీ రాబిన్సన్‌ను 1947లో బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు తరఫున మైదానంలోకి దించిన ఆ జట్టు అధికారి బ్రాంచ్ రికీ పేరుతో దీన్ని ముడిపెట్టి చెబుతుంటారు. ఆ మానంలో 50 అంటే మేజర్ లీగులో ఆడే వాళ్ళ సగటు. అక్కడి నుంచి ప్రతి పది మార్కులూ ఒక ప్రామాణిక విచలనం, అంటే గుంపులో సగటు నుంచి ఎంత దూరంగా ఉన్నారో చెప్పే ఒక అడుగు. 80 మార్కుల పరుగు అంటే కొన్ని వందల మంది వృత్తి ఆటగాళ్ళలో ఒకరిద్దరికి ఉండే పరుగు. నిజమైన స్కౌట్ నివేదికలో ప్రతి నైపుణ్యానికీ రెండు అంకెలు రాస్తారు: ఇప్పుడు ఎంత, ముందు ముందు ఎంత కాగలడు అని.

మరి మావాడి పరుగుకు 50 ఎలా వచ్చింది? 8.24 సెకన్లలో 60 గజాలు పరిగెత్తే పిల్లవాడు మేజర్ లీగ్ ఆటగాళ్ళతో పోలిస్తే 20 కిందే ఉంటాడు, అందులో సిగ్గుపడవలసింది కూడా ఏమీ లేదు. అడిగితే, తమ కేంద్రానికి వచ్చిన పిల్లల సగటును 50గా తీసుకున్నామని చెప్పారు. ఆ పిల్లల వయసు పదకొండు నుంచి పదిహేడు దాకా. వాళ్ళలో ఎందరు క్రికెట్ నుంచి వచ్చారో, ఎందరు అప్పుడే పొడవు పెరిగారో, ఎందరు ఇంకా పెరగవలసి ఉందో లెక్క లేదు. నాలుగో పేజీలో ఎంతో శ్రమపడి కూర్చున్న ఎత్తు కొలిచి ‘ఈ పిల్లవాడు తన ఈడువారి కంటే కొంత ఆలస్యంగా పెరుగుతున్నాడు’ అని తేల్చిన వాళ్ళే, మొదటి పేజీలో ఆ సంగతి మరిచిపోయి పదిహేడేళ్ళ వాళ్ళ పక్కన నిలబెట్టి మార్కులు వేశారు. మేము ఇత్తడి కడ్డీని ఉక్కు కడ్డీల పట్టీతో చూసి ‘బలం చాలదు’ అని తిప్పి పంపితే మా మేనేజరు ఊరుకోరు.

పైగా ఆ అంకెలు పిల్లల మీద పనిచేసే తీరు వేరు. పన్నెండు పేజీలలో మావాడు చూసింది ‘బలం 40’ అన్న ఒక్క గడినే. వంద మార్కుల పరీక్షలో 40 అంటే మన పిల్లలకు ఏమనిపిస్తుందో వేరే చెప్పాలా? ఈ మానం వందకు కాదని, 40 అంటే తప్పడం కాదని వాడికి నచ్చజెప్పడానికి రెండు రోజులు పట్టింది.

పెద్ద ప్యాకేజీని అమ్మే కౌంటరు దగ్గర ఒక కథ చెబుతారు, అది మీరూ వినే ఉంటారు. 2008లో మన దేశంలో రాడార్ గన్‌తో నడిపిన ఒక విసిరే పోటీలో ఎంపికైన రింకూ సింగ్ (క్రికెటర్ రింకూ కాదు), దినేశ్ పటేల్ అన్న ఇద్దరు ఉత్తరప్రదేశ్ కుర్రాళ్ళతో మేజర్ లీగ్ జట్టు నడిపే పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థ ఒప్పందం కుదుర్చుకుంది. జావెలిన్ విసిరే అలవాటున్న వాళ్ళు, అంతకు ముందు బేస్‌బాల్ ఎరగరు. కథ నిజమే. కౌంటరు దగ్గర చెప్పనిది ఏమిటంటే, చేతిలో ఎంత వేగం ఉన్నా వాళ్ళు ఆటను ఓనమాల నుంచి నేర్చుకోవలసి వచ్చింది, ఇద్దరిలో ఎవరూ మేజర్ లీగ్ దాకా వెళ్ళలేదు. రింకూ తరువాత కుస్తీ వినోద రంగంలో పేరు తెచ్చుకున్నాడు. ఆ పోటీ వెతికింది ఎదిగిన కుర్రాళ్ళ చేతి సత్తాను. పదమూడేళ్ళకే ఒక ప్రొఫైల్ వీడియో తీసి పంపితే అలాంటి తలుపే తెరుచుకుంటుందని సూచించడం నాకు బాగా అనిపించలేదు. 6,500 రూపాయలు ఎక్కువ పెట్టి కొనేది రెండు నిమిషాల వీడియో, అదే ఐదు అంకెలను మెరిసే కాగితం మీద ముద్రించిన కరపత్రం. ఆ డబ్బుకు మంచి గ్లవ్ వస్తుంది.

వెళ్ళదలచుకున్నవారికి కొన్ని మాటలు. పొద్దున్నే ఏడింటి స్లాట్ అడగండి. పది దాటాక మూడు వలల దగ్గరా రద్దీ పెరిగి, పరికరాల అమరిక మార్చే ఓపిక సిబ్బందికి ఉండదు, నేను చెప్పిన రెండు పొరపాట్లూ ఆ తొందరలో పుట్టినవే. సొంత బ్యాటు తీసుకువెళ్ళండి. సగటులు కాకుండా ప్రతి ప్రయత్నం రీడింగూ కావాలని ముందే చెప్పండి, అడిగితే ఎక్సెల్ ఫైలు ఇస్తారు. కారు పెట్టడానికి చోటు ఉంది. తల్లిదండ్రులు కూర్చునే చోట నీడ లేదు.

సరిచేసిన నివేదిక పంపేటప్పుడు మొదటి పేజీలోని ఐదు మార్కులను తీసేసి, ఆ గడులను ఖాళీగా ఉంచమని కోరాను. సాఫ్ట్‌వేరు ఒప్పుకోదని మొదట అన్నారు. రెండు రోజుల తరువాత వచ్చిన కాపీలో ఐదు గడుల్లోనూ అడ్డగీతలు ఉన్నాయి, వాటి కింద గళ్ళ చొక్కా ఆయన చేతిరాతతో ‘మళ్ళీ ఆరు నెలలకు, ఇదే బ్యాటుతో’ అని ఉంది. చిన్న ప్యాకేజీకే మళ్ళీ తేదీ రాయించుకున్నాను.